పది రోజుల మౌనం

ఈ పూట మీతో ధ్యానం గురించి నాలుగు మాటలు చెబుదామని కూచున్నాను. భయపడకండి, వేదాంతం చెప్పను. చెప్పేటంత చదువూ నాకు లేదు. పదో తరగతి అయ్యాక ఇంట్లో కూచుని, పెళ్ళి చేసుకుని సికిందరాబాదు వచ్చి, ఇరవై ఏళ్ళ నుంచీ మా వారి ఆఫీసు టైముకి క్యారేజీ సర్దటంలో ఆరితేరిన దాన్ని. ఎప్పుడో నెలకోసారి రేడియో వాళ్ళు పిలిస్తే వచ్చి పచ్చళ్ళ గురించో, పిల్లల పరీక్షల గురించో మాట్లాడి పోతుంటాను. అలాంటిదాన్ని నోరు మూసుకుని పది రోజులు కూచుని వచ్చానంటే మా వీధిలో సగం మంది నమ్మలేదు. తక్కిన సగం మంది, "మీ ఇంట్లో వాళ్ళకి హాయిగా ఉండి ఉంటుందే!" అన్నారు.

సరే, అసలు సంగతికి వస్తాను. గురువు అనే మాట వినగానే మనలో చాలామందికి ఒళ్ళు పులకరిస్తుంది. నాకూ అంతే. ఎవరో ఒకరు తల మీద చెయ్యి పెట్టి, "అమ్మా, నీ బరువు నేను మోస్తాను" అంటే బాగుండునని ఉండేది. పొద్దున్న పాలవాడి దగ్గర్నుంచి రాత్రి తలుపు గొళ్ళెం దాకా అన్నీ మనమే మోస్తాం కదా, మన బరువు మోసేవాడు ఒకడు దొరికితే వదులుతామా?

నాకు దొరికారు. ఆయన పేరు చెప్పను, పేట పేరూ చెప్పను. నాలుగేళ్ళ కిందట ప్రతి శుక్రవారం ఒకరింటికి వచ్చేవారు. పదిహేను ఇరవై మందిమి ఆడవాళ్ళం చేరేవాళ్ళం. చాలా మెత్తటి మనిషి, మాట తేనె. కళ్ళు మూసుకోమని, నుదుటి మీద బొటనవేలు ఆనించేవారు. నిజం చెప్పొద్దూ, రెండు మూడుసార్లు నాకు కళ్ళ ముందు వెలుగు కనిపించింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఆ వెలుగు ఆయన పెట్టిందా, నా ఆశ పెట్టిందా, రెప్పల మీద వేలు ఆనిస్తే ఎవరికైనా కనిపిస్తుందా అని అప్పుడు నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. తరువాత ప్రత్యేక దీక్ష అన్నారు. దానికి కొంత సొమ్ము కావాలన్నారు. మా వారిని అడిగితే ఏమంటారో నాకు తెలుసు. అందుకని అడగలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అత్తగారు నా మెడలో వేసిన రెండు పేటల గొలుసు ఉంది. ఆవిడకు పుట్టింటి వాళ్ళు పెట్టినది. అది తీసుకెళ్ళి కుదువ పెట్టాను.

అటు తరువాత రెండు నెలలకు ఆయన మా ఊళ్ళో లేరు. ఎక్కడ ఉన్నారో మా పదిహేను మందిలో ఎవరికీ తెలియదు. వడ్డీ కట్టలేక గొలుసూ పోయింది. మా అత్తగారు అడిగితే కొక్కెం విరిగింది, బాగుకిచ్చాను అన్నాను. మళ్ళీ అడిగితే బ్యాంకు లాకర్లో పెట్టాను అన్నాను. అబద్ధం ఒక్కటే ఆడి ఊరుకోవటం కుదరదమ్మా. దానికి కాపలా ఉండాలి. పెళ్ళి పిలుపు వచ్చినప్పుడల్లా నాకు గుండెలో రాయి పడేది. ఏ పెళ్ళికి వెళ్ళినా మా అత్తగారి కళ్ళు నా మెడ మీద ఉన్నట్టే ఉండేవి.

తలనొప్పి ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. అదే రోజుల్లో అని మాత్రం చెప్పగలను. డాక్టరుగారు కళ్ళజోడు రాశారు, రక్తపోటుకి మాత్రలు రాశారు. కొంత తగ్గింది, కొంత తగ్గలేదు. తగ్గనిదంతా కోపంగా మారి మా అమ్మాయి మీద పడేది. ఇంటర్మీడియట్ చదివే పిల్ల, నేను గదిలోకి వస్తే పుస్తకం పట్టుకుని డాబా మీదికి పోయేది.

ఆ రోజుల్లో మా ఎదురింటి పిన్నిగారు, "వనస్థలిపురం అవతల, సాగర్ రోడ్డు మీద ధమ్మ ఖేత్త అని ఉంది, వెళ్ళిరావే" అన్నారు. నేను దణ్ణం పెట్టాను. ఒకసారి కాలింది చాలు పిన్నిగారూ అన్నాను. అప్పుడావిడ అన్నమాట నా చెవిలో నిలిచిపోయింది: "అక్కడ నీ మీద ఎవరూ చెయ్యి వెయ్యరే. డబ్బు కూడా ముందు ఇస్తానన్నా పుచ్చుకోరు."

అలా ఎలా కుదురుతుందని నాకు అనుమానం. అందుకని వెళ్ళే ముందు ఆ పద్ధతి ఎక్కడిది, ఎవరిది అని కాస్త వాకబు చేశాను. ఈ వాకబు మొదటిసారే చేసి ఉంటే గొలుసు మిగిలేది, అనుకోండి.

ఈ ధ్యానం పేరు విపశ్యన. బుద్ధుడు చెప్పిన పద్ధతి అంటారు. మన దేశంలో మరుగున పడిపోయినా బర్మాలో గురుశిష్య పరంపరగా నిలిచిందట. దాన్ని మళ్ళీ ఇక్కడికి తెచ్చినాయన సత్యనారాయణ గోయెంకాగారు. ఆయన సన్యాసి కారు. 1924లో మాండలేలో మార్వాడీల ఇంట్లో పుట్టారు, పెద్ద వ్యాపారస్తులు, ఆరుగురు కొడుకులు. ఆయనకూ తలనొప్పే! నా నొప్పి వంటిది కాదు, మార్ఫియా సూది వేస్తే గాని తగ్గని పార్శ్వపు నొప్పి. యూరపు, అమెరికా, జపాను తిరిగి డాక్టర్లకు చూపించుకున్నారు. కుదరలేదు. చివరికి ఎవరో స్నేహితుడు చెబితే 1955లో రంగూన్లో సయాజీ ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయనా సన్యాసి కారండోయ్! స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, అంటే దేశం పద్దులన్నీ చూసే అధికారి. ఆఫీసు పని ఆఫీసు పనే, ధ్యానం నేర్పటం నేర్పటమే. ఆయనకు నేర్పిన సయా తెట్ జీ వ్యవసాయదారుడు. ఈ వరస చూస్తే నాకు ధైర్యం వచ్చింది. అందరూ పొలం, పద్దులు, పిల్లలు ఉన్నవాళ్ళే.

ఇంకొకటి కూడా నాకు నచ్చింది. నా తలనొప్పి తగ్గించండి అని గోయెంకాగారు వెళ్ళి అడిగితే, ఊ బా ఖిన్ గారు మొదట చేర్చుకోమన్నారట. ఇది తలనొప్పికి మందు కాదు, మనసులోని మురికి కడుక్కోవటానికి. ఆ పని జరిగితే నొప్పి దానంతటది పోతే పోవచ్చు, అంతే గాని నొప్పి కోసమే అయితే రావద్దు అని. వచ్చిన వ్యాపారిని, అందులోనూ డబ్బున్నవాణ్ణి, వద్దు పొమ్మన్న గురువును నేను అప్పటిదాకా వినలేదు. గోయెంకాగారు అక్కడ పధ్నాలుగేళ్ళు నేర్చుకుని 1969లో మన దేశం వచ్చారు. ఇక్కడున్న తల్లికి ఒంట్లో బాగుండక, ఆవిడకు నేర్పుదామని వచ్చి, బొంబాయిలో మొదటి శిబిరం పెట్టారు. నాసిక్ దగ్గర ఇగత్పురిలో పెద్ద కేంద్రం, మన ఊళ్ళో ధమ్మ ఖేత్త, రెండూ 1976లో మొదలయ్యాయి. ధమ్మ ఖేత్త అంటే పాళీ భాషలో ధర్మక్షేత్రం. ఆయన 2013లో కాలం చేశారు. ఇప్పుడు శిబిరాల్లో మనం వినేది ఆయన రికార్డు గొంతు.

పోయిన మనిషి గొంతు విని ఎలా నేర్చుకుంటాం అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. దానికి జవాబు తరువాత చెబుతాను.

పది రోజులు ఇల్లు విడిచి వెళ్ళటం అనేది, చెల్లెమ్మలూ, ధ్యానం కన్నా కష్టమైన పని. చంటి పిల్లలున్న వాళ్ళకు కుదరదు. మంచాన పడ్డ పెద్దవాళ్ళున్న ఇంట్లో కుదరదు. మా వారైతే, "పది రోజులు వంట ఎవరు చేస్తారు?" అని ఒకటే మాట అన్నారు. మా అత్తగారు గదిలోంచి, "నేను చచ్చిపోయాననుకున్నావుట్రా? పోనీ వెళ్ళిరానీ, దాని తలనొప్పి తగ్గితే మనకూ తలనొప్పి తగ్గుతుంది" అన్నారు. ఆవిడ ఆ మాట అంటుంటే నా మెడ దగ్గర ఏదో బిగుసుకుంది. దరఖాస్తు ఇంటర్నెట్టులో పెట్టాలి, అది మా అమ్మాయి నింపింది. అందులో ఒంటి జబ్బులు, మనసు జబ్బులు అన్నీ అడుగుతారు. దాచకుండా రాయాలి. మనసుకు గట్టి జబ్బు చేసి మందులు వాడుతున్న వాళ్ళకు ఈ శిబిరం మంచిది కాదని వాళ్ళే చెబుతారు. ఇది గుర్తుంచుకోండి. తెలిసిన వాళ్ళను బలవంతంగా తీసుకుపోకండి.

సికిందరాబాదు నుంచి ఎల్.బి. నగర్, అక్కడి నుంచి సాగర్ రోడ్డు. కట్టినప్పుడు ఊరికి దూరమేగాని, ఇప్పుడు ఊరే దాన్ని దాటి పెరిగిపోయింది. బస్సులో కూచున్నప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ రోడ్డు పట్టుకుని పోతూ ఉంటే సుమారు 150 కిలోమీటర్ల దూరాన నాగార్జున సాగరం వస్తుంది. ఆ నీళ్ళ కిందే కదా పాత నాగార్జునకొండ లోయ! క్రీస్తు శకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు అక్కడ ఏలారు. రాజులేమో అశ్వమేధాలు చేశారు. వాళ్ళింటి ఆడవాళ్ళేమో బౌద్ధ భిక్షువులకు చైత్యాలకూ విహారాలకూ దానాలు చేశారు. రాజుగారి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యం దగ్గర నిలబెట్టించిన స్తంభాల మీద ఆవిడ పేరు ఈ రోజుకీ ఉంది. ఆయన పూజ ఆయనది, ఆవిడ పూజ ఆవిడది. మా వారికి ఈ ముక్క చెప్పాలని గట్టిగా అనుకున్నాను.

లోపలికి వెళ్ళగానే ఫోను, డబ్బు, పుస్తకాలు, కలం కాగితం అన్నీ తీసి భద్రపరిచారు. ఆడవాళ్ళకు వేరు, మగవాళ్ళకు వేరు. మెడలో జపమాల, చేతికి తాయెత్తు ఉంటే తీసి పెట్టమంటారు. ఆ పది రోజులూ దీపం, జపం, స్తోత్రం ఏమీ ఉండవు. నాకు ఇది ముల్లులా గుచ్చుకుంది. పన్నెండేళ్ళ పిల్లప్పటి నుంచీ సంధ్యదీపం పెట్టకుండా ఒక్క రోజు గడిపి ఎరగను. మీ మతం మార్చుకోమనటం లేదు, ఈ పద్ధతిని దేనితోనూ కలపకుండా పది రోజులు చేసి చూడండి, ఇంటికి వెళ్ళాక మీ ఇష్టం అన్నారు. సరే, కొత్త ఊరగాయ రుచి చూసేటప్పుడు పాతది కలుపుకోం గదా అని ఊరుకున్నాను.

మొదటి రాత్రే పంచశీలాలు తీసుకోవాలి. ప్రాణి హింస చెయ్యను, దొంగతనం చెయ్యను, బ్రహ్మచర్యం పాటిస్తాను, అబద్ధం ఆడను, మత్తు పదార్థం ముట్టను. నాలుగోది చెప్పేటప్పుడు నా గొంతు పెగల్లేదు. ఆ వెంటనే ఆర్యమౌనం. నోటి మాటే కాదు, సైగలు కూడా ఉండవు. ఎదురుపడితే కళ్ళలోకి చూసి నవ్వకూడదు. పని మీద సేవకులతోనూ, సందేహం వస్తే ఆచార్యులతోనూ మెల్లిగా మాట్లాడవచ్చు. ఒకే గదిలో పడుకున్న ఆవిడ పేరేమిటో నాకు పదో రోజు దాకా తెలియలేదు.

తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. 4-30 నుంచి రాత్రి 9 దాకా, మధ్య మధ్య విరామాలు పోగా, రోజుకు పది గంటలు కూచోవాలి. 6-30కి ఫలహారం, 11కి భోజనం, సాయంత్రం 5కి కొత్తవాళ్ళకు టీ, ఏదన్నా పండు, కాసిని మరమరాలు. రాత్రి భోజనం లేదు. రాత్రి 7 గంటలకు గోయెంకాగారి ప్రసంగం. రోజు మొత్తానికి నవ్వు వచ్చేది ఆ గంటలోనే. ఆయన చెప్పే కథలు బాగుంటాయి. ఆయన పాళీ మంత్రాలు చదివే గొంతు మాత్రం, తప్పుగా అనుకోకండి, బావిలోంచి వస్తున్నట్టుంటుంది. నాలుగు రోజులకు అలవాటు పడ్డాను. ఆరో రోజుకు ఆ గొంతు వినపడితే ప్రాణం లేచి వచ్చేది, ఎందుకంటే గంట పూర్తవుతోందని గుర్తు!

మొదటి మూడు రోజులు చెయ్యవలసిన పని చెబితే మీరు నవ్వుతారు. ముక్కు దగ్గర ఊపిరి లోపలికి వెళ్ళటం, బయటికి రావటం చూడటం. అంతే. ఊపిరి బిగించకూడదు, లెక్కపెట్టకూడదు, దేవుడి పేరు జోడించకూడదు. దీన్ని ఆనాపానసతి అంటారు. ఇంతేనా అనుకున్నాను. కూచుంటే గదా తెలిసేది! రెండు ఊపిరులు చూసేసరికి మనసు మా వంటింట్లో ఉంది. మాగాయ జాడీకి గుడ్డ కట్టానా? గ్యాసు బుక్ చేశామా? పిల్ల ఫీజు కట్టారా? మళ్ళీ ముక్కు దగ్గరికి తెస్తే మళ్ళీ పరుగు. నాలుగు పదుల వయసులో నా మనసు నా మాట వినదని మొదటిసారి తెలిసింది. పాకే పిల్లని చాప మీద కూచోపెట్టినట్టు, విసుక్కోకుండా తీసుకొచ్చి కూచోపెట్టటమే పని. విసుక్కుంటే అదో కొత్త గోల.

రెండో రోజు సాయంత్రం పారిపోదామనుకున్నాను. రెండో రోజు, ఆరో రోజు గట్టివని పాతవాళ్ళు అంటారు. నిజమే సుమండీ.

నాలుగో రోజు మధ్యాహ్నం అసలు విపశ్యన చెబుతారు. అప్పటికి మనసు కాస్త పదునెక్కి ఉంటుంది. దాన్ని నడినెత్తి నుంచి కాలి వేళ్ళ దాకా, వేళ్ళ నుంచి నెత్తి దాకా, ఒళ్ళంతా అంగుళం అంగుళం తిప్పాలి. ఎక్కడ ఏం తెలుస్తోందో చూడాలి. వేడి, చల్లదనం, దురద, తిమ్మిరి, నొప్పి, చెమట, ఒక్కోచోట ఏమీ తెలియకపోవటం. చూసి, హాయిగా ఉంటే ఇంకా కావాలని ఆశపడకుండా, బాధగా ఉంటే పోవాలని ఏడవకుండా ఉండాలి. ఏదైనా కాసేపు ఉండి పోయేదే, అనిత్యం, అని ఒంటి మీదే చూసి తెలుసుకోవాలి. ఆ రోజు నుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూచునే ప్రయత్నం చెయ్యాలి. దానికి అధిష్ఠానం అని పేరు.

దీనివల్ల లాభమేమిటి అంటారా? ఇక్కడే నాకు అర్థమైన విషయం ఉంది. మనకు కోపం వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది? నోటి నుంచి మాట జారాక. పిల్ల డాబా మీదికి పోయాక. కాని కోపం అంతకు ముందే ఒంట్లో మొదలవుతుంది. చెవులు వేడెక్కుతాయి, దవడ బిగుస్తుంది, ఊపిరి పొట్టిదవుతుంది. కుక్కరు విజిలు వెయ్యబోయే ముందు సన్నగా సుయ్‌మని ఆవిరి వస్తుంది, చూశారూ, అలాగ. చెవి అటు పెట్టినవాళ్ళకు అది వినబడుతుంది. టీవీ ముందున్న వాళ్ళకు విజిలే వినబడుతుంది. ఈ ధ్యానం ఆ సుయ్‌మనే చప్పుడు వినటం నేర్పుతుంది. వినబడ్డాక స్టవ్ తగ్గించటమో మానటమో మన చేతిలో ఉంది. ఇందులో వెలుగులూ, దేవతలూ ఏమీ లేవు. ఒకవేళ ఎవరికైనా వెలుగు కనిపించినా దాన్ని పట్టుకోవద్దంటారు. నాకు కనిపించలేదు. కనిపించనందుకు సంతోషించాను కూడాను.

ఆరో రోజు మధ్యాహ్నం రెండున్నర గంటలకు కూచున్నాను. కుడి మోకాలు మండిపోతోంది. నొప్పి చూస్తూ చూస్తూ ఉండగా, ఎక్కడి నుంచి వచ్చిందో గొలుసు వచ్చింది. వచ్చీ రాగానే మెడ కింద, సరిగ్గా గొలుసు ఆనే చోట, ఎవరో తాడు బిగించినట్టయింది. ఊపిరి అందలేదు. కదలకూడదు, లేవకూడదు. ఇంట్లో అయితే ఈపాటికి లేచి గిన్నెలు తోమేదాన్ని. ఆ గంటలో మరో దారి లేక దాన్ని చూశాను. ఆ బిగింపు నాకు కొత్త కాదు. మా అత్తగారు పిలిచినప్పుడల్లా, నాలుగేళ్ళుగా, అక్కడే బిగుస్తోంది. నేను దానికి రక్తపోటు అని, చాకిరీ అని, పిల్ల మొండితనం అని పేర్లు పెట్టుకుంటూ వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు ఆచార్యుల దగ్గరికి వెళ్ళాను. గోయెంకాగారు పోయినా ఆయన తర్ఫీదు ఇచ్చిన పరంపరలో సహాయక ఆచార్యులు ప్రతి శిబిరానికీ ఉంటారు. ఆడవాళ్ళకు ఆడవారే. ఇందాక అడిగారే, రికార్డు గొంతుతో నేర్చుకోవటం ఎలాగని, ఇదీ సంగతి. సందేహం వస్తే చెప్పేందుకు మనిషి ఉంది. నేను ఆవిడకు గొలుసు సంగతంతా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చి, పోనీలే అమ్మా, నీ తప్పు క్షమించబడింది అంటుందనుకున్నాను. ఆవిడ అంతా విని, "ఇప్పుడు ఒంట్లో ఎక్కడ ఏం తెలుస్తోంది?" అని అడిగింది. మెడ దగ్గర అన్నాను. "దాన్ని చూడండి. పది రోజులూ అయ్యాక ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది" అంది. అంతే. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి ఇంత ఏడిస్తే ఇదా జవాబు? బయటికి వచ్చి వేపచెట్టు కింద నడుస్తుంటే, ఆ మంట ఎక్కడ ఉందో, ఎప్పుడు తగ్గిందో చూస్తున్నాను! చూస్తున్నానని తెలిసి నాకే నవ్వొచ్చింది. శుక్రవారం ఆయన నా బరువు మోస్తానని గొలుసు పట్టుకుపోయారు. ఈవిడ నా బరువు నా చేతికే ఇచ్చి పంపింది.

పదో రోజు పొద్దున మైత్రి ధ్యానం చెప్పాక మౌనం విడిచారు. అబ్బ, ఆ హాలు బయట గోల వినాలి! మోండా మార్కెట్టు నయం. పదకొండో రోజు తెల్లవారి ఇంటికి. తిండికీ, మంచానికీ రుసుము ఏమీ లేదు. ఒక శిబిరం పూర్తి చేసినవాళ్ళు వచ్చేవాళ్ళ కోసం తోచింది ఇవ్వవచ్చు, మానవచ్చు. నా దగ్గరున్నదాంట్లో కొంత ఇచ్చాను. ఎంతని ఎవరూ తొంగి చూడలేదు.

ఇంటికి వచ్చిన మూడో రోజున, మా అత్తగారు పెరట్లో కందిపప్పు చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతుంటే పక్కన కూచుని చెప్పాను. గొలుసు లాకర్లో లేదు అత్తయ్యా, అని మొదలుపెట్టి అంతా చెప్పాను. కథల్లో అయితే ఆవిడ నన్ను దగ్గరికి తీసుకోవాలి. ఆవిడ చేట కింద పెట్టి, "మా అమ్మది అది" అని లోపలికి వెళ్ళిపోయారు. సుమారు మూడు వారాలు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా మనవరాలిని పిలిచి అడిగేవారు. పది రోజుల ఆర్యమౌనం అక్కడ చేశాను, ఇరవై రోజులది ఇక్కడ చేశాను, ఏది కష్టమో నన్నడగండి! మా వారు గొలుసు కన్నా నాలుగేళ్ళ అబద్ధాలకు ఎక్కువ బాధపడ్డారు. ఆ ఇరవై రోజులూ పొద్దున్నే లేచి కూచుంటే మెడ దగ్గర బిగింపు లేదు. దాని బదులు కడుపులో ఒక బరువు ఉండేది. బిగింపు కన్నా అది నయం. అన్నం తిననిచ్చేది.

తలనొప్పి పోయిందా అని మీరు తప్పక అడుగుతారు. పూర్తిగా పోలేదు. తగ్గింది. మాత్రలు మానలేదు, మీరూ ధ్యానం చేస్తున్నాం గదా అని డాక్టరుగారు ఇచ్చిన మందు మానకండి. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. శిబిరంలో నాకు కలిగిన ప్రశాంతతలో ఎంత ధ్యానం వల్ల, ఎంత పది రోజులు పొయ్యి ముట్టుకోకపోవటం వల్ల అని నిలదీస్తే నేను తేల్చి చెప్పలేను. ఒకరు వండి పెడితే కూచుని తినటం నాకు పురుళ్ళప్పుడు తప్ప తెలియదు. ఆ సంగతి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పేవాళ్ళు మగవాళ్ళు.

ఇంట్లో పూటకో గంట చొప్పున రెండు పూటలా కూచోమంటారు. నాకు కుదరదు. పొద్దున్న నలభై నిమిషాలు, పాలవాడు వచ్చేలోపల. సాయంత్రం కూచుంటే తలుపు కొడతారు, ఫోను మోగుతుంది, వారానికి మూడు రోజులు కుదిరితే గొప్ప. సంధ్యదీపం మళ్ళీ పెడుతున్నాను. ఆ రెండూ నా ఇంట్లో పోట్లాడుకోవటం లేదు.

ఇదొక్కటే దారి అని నేను అనను. ఆ ప్రసంగాల్లో అప్పుడప్పుడూ అలా ధ్వనిస్తుంది, అది నాకు రుచించలేదు. మా వదినగారు శ్రీరామచంద్ర మిషన్ వాళ్ళ పద్ధతిలో గుండెలో వెలుగు ఉన్నట్టు భావించి కూచుంటారు. షాజహాన్‌పూర్‌లో కోర్టు ఉద్యోగం చేసుకున్న రామచంద్రగారు 1945లో స్థాపించినది అది. మన ఊరికి దగ్గర్లో కాన్హాలో లక్షమంది కూచునే మందిరం 2020లో ప్రారంభించారు. రమణ మహర్షి దగ్గరికి వెళ్ళిన సూరి నాగమ్మగారి సంగతి మీరు వినే ఉంటారు. చిన్నతనంలోనే భర్త పోయి, బడి చదువు లేని మనిషి. అరుణాచలం చేరి, అక్కడ జరిగింది జరిగినట్టు అన్నగారికి తెలుగులో ఉత్తరాలు రాశారు. అవే రమణాశ్రమ లేఖలు. ఆ పుస్తకం ఈ మధ్యే చదివాను. మహర్షి పక్కన కూచున్న మనిషి కూడా గాలిలో తేలిపోలేదు. కళ్ళు తెరుచుకుని, చెవులు పెట్టుకుని అన్నీ గమనిస్తూ ఉంది. నేను నేర్చుకోవలసింది అదీ. గురువు దగ్గరికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడవాలిగాని, కళ్ళు చెవులు కాదు.

మొన్న దసరాకు ఇంట్లో పేరంటం జరిగింది. మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు నాకు. పక్కింటావిడ అడిగితే మా అత్తగారే, "గొలుసు పోయిందమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చి పసుపు పళ్ళెం ముందుకు జరిపారు. ఆ రాత్రి నేను చాప మడుస్తుంటే గుమ్మంలో నిలబడి, "ఆ సాగర్ రోడ్డు వాళ్ళు మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి కుర్చీ ఇస్తారుటే?" అని అడిగారు. ఇస్తారు అత్తయ్యా అన్నాను.